గోదారి వైపు తిప్పిన ఆటో

మా వీధి చివర ఆటో బావగారు పోయారు. ఈ మాట నాకు అమలాపురం గడియార స్తంభం దగ్గర ఆటో స్టాండులో, చేతిలో మిఠాయి పెట్టెతో నిలబడి ఉండగా తెలిసింది. ఆ ముందురోజే నా మనవరాలి బారసాల. పెళ్ళయిన ఐదేళ్ళకు నా కూతురికి బంగారు బొమ్మలాంటి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల ఆవులిస్తే ఇంట్లో నలుగురం పరిగెత్తుకొస్తాం. సంతోషం పట్టలేక తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ మిఠాయి పంచాను. ఆఖరి పెట్టె మాత్రం ఆయనకని దాచాను. ఐదేళ్ళుగా మాట్లాడని మనిషితో ఆ పెట్టె వంకన మాట్లాడదామని వెళ్ళాను. స్టాండులోవాళ్ళు, "ఇంకెక్కడి బావగారండీ, పొద్దున్నే పోయేరు" అన్నారు.

ఇలాంటప్పుడు అందరికీ ఏడుపొస్తుంది. నాకు ఒళ్ళు మండింది. నాలుగు నెలలుగా ఛాతీలో నొప్పట. ఎవరికీ చెప్పలేదట. నా కూతురు నర్సు, వీధికి ఈ చివర ఉంది. ఆ చివరి నుంచి నడిచి వచ్చి ఒక్క మాట చెప్పకూడదా? మర్యాద మర్యాద అని, నొప్పిని కూడా మర్యాదగానే కూర్చోబెట్టి పంపించాడా ఈ మనిషి? ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి, రాయడం పెద్దగా రాదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఆయన నాకు చుట్టం కాదు. మా వీధిలో ఆయన నన్ను బావగారూ అనేవారు, నేనూ అలాగే అనేవాణ్ణి. ఆయన పని ఆటో తోలడం. కానీ బయటి ఊరివాళ్ళు ఎక్కితే ఆయన ఆటోడ్రైవరు కాదు, ఇంటి పెద్ద. కోనసీమ చూద్దామని వచ్చినవాళ్ళను ముందు తన ఇంటి దగ్గర ఆపి, మంచినీళ్ళిచ్చి, కొబ్బరిబొండం కొట్టించి, అప్పుడు బయలుదేరేవారు. సీటు కింద పాత బిస్కట్ల రేకు డబ్బా ఒకటి ఉండేది. "ఫోన్లు ఇందులో పడెయ్యండి. ఫోటో మీ ఇంటికెళ్ళి కూడా చూస్కోవచ్చండి. గోదారి ఇక్కడే చూడాలి" అనేవారు. డబ్బా మూత పెట్టాక లోపల ఎవరి ఫోను మోగినా తియ్యనిచ్చేవారు కాదు.

ఇంకో అలవాటు. ఎక్కడ ఆపినా ఆటోను అలాగే వదిలేవారు కాదు. వెనక్కీ ముందుకీ కదిపి, నానా అవస్థా పడి, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకు నీళ్ళు కనబడేలా తిప్పేవారు. మోకాళ్ళు నొప్పులున్న ముసలివాళ్ళు దిగకుండానే చూడాలని. "ఇది దిగి చూసేది కాదండీ, కూర్చుని చూసేది" అనేవారు.

ఇప్పుడు కొత్తగా పెట్టిన ఒక రిసార్టువాళ్ళు బస్టాండు ఎదురుగా బోర్డు కట్టారు. ఒక్కరోజులో పదకొండు ప్రదేశాలట. ఒక్కొక్క చోట ఇరవై నిమిషాలట. మొన్న ఆ బండిలో వచ్చిన ఒకాయన నన్నే అడిగాడు, ఈ ఊళ్ళో చూడ్డానికి ఏముందండీ అని. నోటిదాకా వచ్చిన మాట మింగాను. ఏముందా? ఆత్రేయపురంలో బోర్లించిన కుండ మీద గుడ్డతో పిండినీళ్ళు ఒక్కసారి అలా లాగితే కాగితంకన్నా పల్చటి రేకు లేస్తుంది, ఆ చెయ్యి చూశావా? అంబాజీపేటలో కొబ్బరికాయల రాశుల మధ్య ఒలుపు చూశావా, గునపానికి మూడు పోట్లు, కాయ బయటికి? గన్నవరం అక్విడక్టు దగ్గర కింద నది పోతుంటే, దాని నెత్తిమీంచి కాలువ పోతుంది, నిలబడి చూశావా? అప్పనపల్లి బాల బాలాజీ దగ్గర పంక్తిలో కూర్చుని తిన్నావా? ఓడలరేవులో సముద్రం దగ్గర ఊరికే కూర్చున్నావా? ఇవన్నీ నా మాటలు కావు, ఆయన దారి. ఆయన వేసిన వరసే ఆ బోర్డు మీద ఉంది. ఆ బోర్డు మీద లేనిదల్లా తీరిక.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చెప్పడానికే కలం పట్టాను.

ఐదేళ్ళ కిందట నా కూతురికి అనంతపురం వైపు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి కువైట్లో ఏసీ మెకానిక్కు, సెలవు మీద వచ్చాడు. తల్లీ, తండ్రీ, అబ్బాయీ ముగ్గురూ పొద్దున్నే రావులపాలెంలో బస్సు దిగుతారు. పదిన్నరకు వర్జ్యం వచ్చేస్తుంది, ఆలోగా పెళ్ళిచూపులు అయిపోవాలి. మా ఇళ్ళల్లో సంబంధం కుదిరేదాకా బయటికి పొక్కనివ్వం. దృష్టి తగులుతుందని భయం. అంతకుముందు రెండు సంబంధాలు నలుగురి నోట్లో పడే చెడిపోయాయని నా భార్యకు గట్టి నమ్మకం. అందుకని బావగారి దగ్గరకు వెళ్ళి నేనేం చెప్పానో తెలుసా? "మా చుట్టాలు కోనసీమ చూడ్డానికి వస్తున్నారండీ. ఏ లోటూ రాకుండా తీసుకురండి" అన్నాను.

ఆయన నా మాట నమ్మారు. అదీ ఆయన చేసిన తప్పు.

పది దాటింది. పనసపొట్టు కూర చల్లారింది. బొబ్బట్లు గట్టిపడ్డాయి. నా కూతురు పట్టుచీర కట్టుకుని కుర్చీలో బొమ్మలా కూర్చుంది. బావగారికి ఫోను చేశాను. అబ్బాయి తండ్రికి చేశాను. ఒకరి తరవాత ఒకరికి చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, తియ్యరు. మోగుతుంది, తియ్యరు. ప్రమాదమేమో అనుకున్నాను. సంబంధం నచ్చక వెనక్కి వెళ్ళిపోయారేమో అనుకున్నాను. ఫోన్లన్నీ ఆ రేకు డబ్బాలో ఉన్నాయని నాకు తట్టలేదు.

సాయంత్రం అయిదున్నరకు ఆటో వచ్చింది. ముగ్గురూ నవ్వుకుంటూ దిగారు. అబ్బాయి తల్లి ఒళ్ళో పూతరేకుల పెట్టె. అబ్బాయి పేంటు మోకాళ్ళదాకా ఉప్పునీళ్ళు. వాళ్ళను కాళ్ళు కడుక్కోమని పెరట్లోకి పంపి, గేటు దగ్గరకు వచ్చి బావగారి మీద విరుచుకుపడ్డాను. మొదట గొంతు తగ్గించే తిట్టాను. తరవాత గొంతు నా మాట వినలేదు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. "ఇంకెప్పుడూ నా గడప తొక్కకండి" అన్నాను. ఆయన నా వంక చూశారు. అది పెళ్ళిచూపులని మీరు నాకు చెప్పేరా అని అడగొచ్చు. అడగలేదు. "ఆయ్, పొరపాటైపోయిందండీ" అన్నారు. అంతే.

లోపలికి వచ్చాను. అబ్బాయి తండ్రి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "బిడ్డను సూపించేముందు ఊరంతా సూపించినావే. మేము ఇన్ని నీళ్ళు సూసిన మనుషులం కాదప్పా. ఇంత మర్యాద మేము యాడా సూడలేదు" అన్నాడు. నేనే కావాలని అలా ఏర్పాటు చేశానని ఆయన అనుకుంటున్నాడు. అప్పటికి బావగారి ఆటో ఇంకా వీధి మలుపు దగ్గరే ఉంది. చప్పుడు వినబడుతోంది. నాలుగడుగులు వేసి పిలిస్తే ఆగేవారు. నేను వెయ్యలేదు. చేతులు జోడించి, "మా వైపు పద్ధతండీ" అన్నాను.

ఇంటిలోపల మెప్పు నేను తీసుకున్నాను. ఇంటిబయట తిట్లు ఆయనకిచ్చాను. ఇలాంటి పని ఎవడైనా చేస్తాడా? నేను చేశాను.

సంబంధం ఆ పూటే ఖాయమైంది. పెళ్ళయింది. అల్లుడికి ఊరు ఎంత నచ్చిందంటే, రెండేళ్ళకు కువైట్ వదిలేసి వచ్చి ఇక్కడే దుకాణం పెట్టుకున్నాడు. నా పిల్ల నా కళ్ళెదుట ఉంది. నాకిది ఎవరు పెట్టిన భిక్ష? పెళ్ళికి ఆయన్ను పిలవలేదు. పైగా అల్లుడు చుట్టుపక్కల లేనప్పుడు కాఫీ హోటల్లో, క్షౌరశాలలో, నా కూతురి పెళ్ళిచూపులు పాడుచెయ్యబోయిన మనిషని కథలుగా చెప్పి నవ్వించాను. స్టాండులోవాళ్ళు అందుకున్నారు. ఆయన్ను చూడగానే, "ఏంటండీ, ఇవాళ పెళ్ళికొడుకుని ఏ సముద్రంలో ముంచేరు?" అనేవారట. నిదానంగా దూరపు బేరాలు ఆయనకు రావడం మానేశాయి. ఊరు చూపించే మనిషి స్కూలు పిల్లల్ని దింపుకుంటూ మిగిలాడు. ఇప్పుడు అదే స్టాండులో, అవే నోళ్ళవాళ్ళు, ఆయన ఫోటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. కోనసీమ అతిథి మర్యాదకు నిలువుటద్దమని రాశారు. చించెయ్యాలనిపించింది. కానీ మొదటి రాయి నాదే కదా, ఏ ముఖంతో చించను?

పెద్దకర్మ అయ్యాక ఆయన ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నాకు చెల్లెలి వరస. చాప వేసింది. మంచినీళ్ళిచ్చింది. ఆ ఇంట్లో ఆ పద్ధతి ఆ రోజు కూడా తప్పలేదు. చుట్టాలంటూ అబద్ధం చెప్పింది నేనేనమ్మా అని మొదలెట్టాను. ఆవిడ మధ్యలోనే అందుకుంది.

"తెలుసండి అన్నయ్యగారూ. అప్పనపల్లిలో బంతిలో కూర్చున్నప్పుడు పెళ్ళివారే చెప్పేరంట, పిల్లని చూడ్డానికి వచ్చేమని. ఈయనకి ముద్ద దిగలేదంట. వర్జ్యం ఎలాగూ వచ్చేసింది, ఇంక కంగారుపడి ఏం లాభమని, మా బావగారే ముందు ఊరు చూపించి తీసుకురమ్మన్నారని వాళ్ళతో చెప్పేరంట."

మరి నేను తిడుతుంటే ఎందుకు ఊరుకున్నారమ్మా అన్నాను.

"లోపల పెళ్ళివారు వింటారని. బావగారికి తెలీకుండా జరిగిందని తెలిస్తే పిల్ల పలచనైపోద్దని."

తరవాతైనా చెప్పొచ్చు కదా అన్నాను. అది అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"నేనూ అన్నానండి. పిల్ల సుఖంగా కాపురం చేసుకుంటోంది, ఇప్పుడెందుకులే అనేవారు. మీరొస్తారని మాత్రం చూసేవారండి."

ఐదేళ్ళు చూశారట. మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య పదిహేడు గుమ్మాలు. నేను వెళ్ళలేదు. చెప్పండి, ఇప్పుడు నేను ఎవరిని తిట్టాలి? చచ్చిపోయిన మనిషిని తిడుతున్నాను. ఎందుకు నోరు విప్పలేదు, నన్ను నలుగురిలో నిలబెట్టి ఎందుకు కడిగెయ్యలేదు అని. ఆయన ఒక్కసారి తిట్టి ఉంటే నేను ఆ మర్నాడే కాళ్ళు పట్టుకునేవాణ్ణి. ఇది నిజమో, ఇప్పుడు చెప్పుకుంటున్న మాటో నాకే తెలియదు.

ఇంటికి వచ్చి కూతురినీ అల్లుడినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నా కూతురు, "అన్నాళ్ళూ ఆయన ఎదురుపడితే నేను మొహం తిప్పుకున్నాను నాన్నా" అంది. అల్లుడి వైపు తిరిగాను. "మీ నాన్నకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా" అని అడిగాను. మీరే చెప్పాలన్నాడు. సరేనన్నాను. ఆ రాత పనే ఇది. వియ్యంకుడుగారికి మొదటి ప్రతి పంపాను, చదివే మీకు రెండోది, ఆ తరవాత జరిగింది కూడా కలిపి.

మొన్న ఆదివారం సాయంత్రం అందరం బావగారి ఇంటికి బయలుదేరాం. పసిపిల్లను చావు జరిగిన ఇంటికి తీసుకెళ్ళకూడదని నా భార్య అడ్డం పడింది. నా కూతురు వినలేదు. పిల్లను ఎత్తుకుని తనే ముందు నడిచింది.

ఆటో వాళ్ళింటి ముందు కాలవగట్టు మీద ఉంది. ఆఖరి రోజున ఎవరో తోసుకొచ్చి ఎలా పడితే అలా వదిలేశారు. ముందు చక్రం గోడ వైపు, వెనక భాగం కాలవ వైపు. అల్లుడు చెల్లెమ్మను అడిగి టార్పాలిన్ తీశాడు. హేండిలు పట్టుకుని వెనక్కి తోశాడు, ముందుకు లాగాడు, మళ్ళీ వెనక్కి తోశాడు. చెమటలు పట్టాయి. నేను చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు. చివరికి సీట్లో కూర్చుంటే కాలవ కనబడేలా నిలిపాడు. ఆ కాలవలోవి గోదారి నీళ్ళే కదా.

ఆడవాళ్ళు ముగ్గురూ వెనక సీట్లో ఎక్కారు. మనవరాలు చెల్లెమ్మ ఒళ్ళో ఉంది. నేను కింద వంగి సీటు కింద చూశాను. రేకు డబ్బా అక్కడే ఉంది. నా ఫోను అందులో వేసి మూత పెట్టాను.

కాసేపటికి డబ్బాలో ఫోను మోగింది. అనంతపురం నుంచేమో, నేను రాసింది చేరిందేమో. నా భార్య, "ఎవరో చూడండి" అంది. మనవరాలు కళ్ళు విప్పి, కాలవ మీద మెరుస్తున్న ఎండ వైపు చూస్తోంది. ఫోను ఆగి మళ్ళీ మోగింది. చెల్లెమ్మ సీటు కింద మోగుతున్న ఆ డబ్బాను కాలితో మెల్లగా లోపలికి జరిపింది.