సామ్సన్ సాయంత్రపు ప్రార్థన

ఎమ్మిగనూరులో మా వీధి మొత్తానికి సామ్సన్ పెద్ద భక్తుడని పేరు. పాస్టరు గారికి కూడా అంత పేరు లేదు. అద్దె కారు తోలేవాళ్ళు రాత్రి బాడుగ దొరికితే సంబరపడతారు. సామ్సన్ మాత్రం పొద్దు మునిగే సరికి బండి ఇంటి ముందు పెట్టేవాడు. సాయంత్రం ప్రార్థన తప్పనని దేవుడికి మాట ఇచ్చానని కారు యజమాని అమర్‌నాథ్‌తో చెప్పాడు. అమర్‌నాథ్ పూజలూ ఉపవాసాలూ ఉన్న మనిషి. దేవుడి పని అనేసరికి మారు మాట్లాడక, రాత్రి బాడుగలన్నీ ఇంకో డ్రైవరుకు ఇచ్చేవాడు.

అసలు సంగతి వేరు. చీకటి పడితే సామ్సన్‌కు కళ్ళు కనపడవు. రేచీకటి. వాళ్ళ నాయనకూ ఉండేదట. ఆయన మేకలు కాసేవాడు కాబట్టి పొద్దు వాలగానే ఇల్లు చేరి మంచం ఎక్కేవాడు, లోకానికి నష్టం లేదు. కొడుకు చేతిలో ఉన్నది స్టీరింగ్. కర్నూలులో కంటి డాక్టరు ఇది మందులకు పోయేది కాదనీ, బండి వదిలేసి వేరే పని చూసుకోమనీ చెప్పాడు. వేరే పని ఏం వచ్చు? పత్తి చేలల్లో కూలికి పోయే భార్య కృపకు కూడా ఈ మాట చెప్పలేదు. మధ్యాహ్నం దాటిందంటే చాలు, మాటిమాటికీ టైము చూసుకునేవాడు. నవ్వుతూనే మాట్లాడతాడు, కన్ను మాత్రం పడమర మీదే. భక్తి అనుకున్నాం మేం. మా తెలివి అలా ఏడ్చింది.

పోయిన కార్తీకంలో హోస్పేట నుంచి ఎమ్మిగనూరుకు ఒక బాడుగ వచ్చింది. రుక్మిణమ్మ అని అరవై దాటిన మనిషి, ఆమె కూతురు నందిని. రుక్మిణమ్మ పుట్టిల్లు ఆదోనిలో పత్తి వ్యాపారం చేసిన కుటుంబం. ఎమ్మిగనూరులో బంధువుల ఇంటికి పోతూ దారిలో కోటలూ మహళ్ళూ చూడాలని ఆమె కోరిక. పగటి బాడుగే కదా అని సామ్సన్ ఒప్పుకున్నాడు.

హంపీలో కమల మహల్ ముందు తల్లీకూతుళ్ళు కదలరే. బళ్ళారి కోట ఎక్కి దిగేసరికి మధ్యాహ్నం జారిపోయింది. హాలహర్వి దగ్గర టీకి ఆగుదామంటే సామ్సన్ వినపడనట్టు తోలేశాడు. ఆలూరు దాటాక ఉండబట్టలేక నోరు విప్పాడు.

"అమ్మా, ఆదోని కోట ఇంకోపారి సూస్తే కాదా? పొద్దు పోతాంది. నేను ప్రార్థనకు పోవల్ల."

"ఆ కోట కింద పుట్టి పెరిగినానప్పా నేను. ఆడపిల్లలకు కొండ ఎందుకని ఒక్కసారి కూడా ఎక్కనీలేదు. ఈ ఒక్కటీ సూపించు" అంది రుక్మిణమ్మ.

కాదనలేకపోయాడు. కొండ కింద బండి నిలిపాడు. వాళ్ళు రాళ్ళ మెట్లు ఎక్కుతుంటే అతను బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. కొండ నీడ ముందు రోడ్డు మీదికి, తరువాత కారు మీదికి వచ్చింది. కేకేద్దామంటే వాళ్ళు వినపడనంత పైకి పోయారు. ఇప్పుడు దిగొస్తే ఎలాగో చేరొచ్చు, ఇప్పుడు వచ్చినా చేరొచ్చు, అనుకుంటూనే ఉన్నాడు. వాళ్ళు దిగొచ్చేసరికి ఆకాశం అంచున ఎరుపు ఒక్కటే మిగిలింది. అప్పటికైనా ఎక్కిస్తే సగం దారి వెలుతురులో పోవచ్చునని గబగబా తలుపు తీశాడు.

రుక్మిణమ్మ కారెక్కలేదు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. "నా ఆశ తీర్చినావు నాయనా. నా వల్ల నీ ప్రార్థన చెడకూడదు. ఈడనే చేసుకో. ఎంతసేపైనా మేం ఉంటాం."

"వద్దులేమ్మా, ఇంటికి పోయి చేసుకుంటా."

"దేవునికిచ్చిన మాట తప్పితే ఆ పాపం నాకు."

ఇంకేం చేస్తాడు, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తొందరగా లేస్తే అనుమానం. కళ్ళు మూసుకుంటే ఉన్న వెలుతురూ పోతుందని భయం. ఏళ్ళ తరబడి ప్రార్థన పేరు చెప్పినవాడు ఆ పూట నిజంగానే చేశాడు. లేచేసరికి ఎదురుగా కొండ లేదు.

ఆదోని ఊళ్ళో వీధి దీపాలున్నాయి, గండం గడిచింది. ఊరు దాటాక పత్తి లోడు లారీ ఒకటి ముందు పోతుంటే దాని వెనక ఎర్ర దీపాలు పట్టుకుని తోలాడు. హెడ్‌లైట్ల వెలుగులో అతని కంటికి ఆనేది బారెడు తారు ముక్కే. ఎదురు బండి వస్తే అదీ లేదు, కళ్ళ నిండా తెలుపే. చొక్కా తడిసిపోయింది. "ఏసీ పెంచమంటారా?" అని పక్క సీట్లోంచి నందిని అడిగితే తల ఊపాడు. కొంత దూరం పోయాక లారీ గింజ తీసే జిన్నింగు మిల్లులోకి తిరిగింది. ఎర్ర దీపాలు పోయాయి. ఆపితే ఎందుకని అడుగుతారు. ఆపలేదు.

అరుపులు వినపడ్డాయి. మనుషులు కనపడలేదు. బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేశాడు. చక్రం కింద ఏదో కరకరా నలిగింది.

సామ్సన్ దిగలేకపోయాడు. చేతులు స్టీరింగ్‌ను వదల్లేదు. నందిని దిగి ఫోను లైటు వేసింది. టైరు పోయిన ఆటో ఒకటి రోడ్డు మీదే ఆగి ఉంది. చుట్టూ పత్తి ఏరి ఇళ్ళకు పోతున్న ఆడవాళ్ళు. కారు కింద నలిగింది ఒక అన్నం క్యారియరు. దాన్ని రోడ్డు మీద పెట్టుకున్న మనిషి దానికి జానెడు పక్కన నిలబడి ఉంది. ఇలాంటి ఆటోలోనే రోజూ కృప ఇంటికి వస్తుంది.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏమన్నా, ఇంతమందిమి ఉండేది సూడలేదా?"

ఆటోకు దీపం లేదనొచ్చు. ఎవరైనా నమ్మేవాళ్ళే. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

"కనపల్లేదమ్మా. పొద్దు మునిగితే నాకు కండ్లు కనపడవు."

వెనక సీట్లో రుక్మిణమ్మకు అది వినపడింది. "మమ్మల్ని ఎక్కించుకుని..." అని ఆగిపోయింది. నందిని కిటికీలోంచి అరచెయ్యి చాపింది. తాళం చెవి ఆ చేతిలో పెట్టి సామ్సన్ పక్క సీట్లోకి మారాడు. మిగిలిన దారి ఆ అమ్మాయే తోలింది. ఎదురుగా వెలుగు కనపడ్డప్పుడల్లా అతని కాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

ఎమ్మిగనూరు దీపాలు మసగ్గా ఆనుతుండగా యజమానికి ఫోను చేశాడు. రుక్మిణమ్మ చెప్పేలోపు తానే చెప్పాలని కాదు. రేపు పొద్దున వెలుతురు వస్తే మళ్ళీ ధైర్యం వస్తుందని అతనికి తెలుసు. ఆ ధైర్యానికే ఎక్కువ భయపడ్డాడు.

"అన్నా, రేపటి నుంచి నేను బండి తోలను."

"ఏమైందిరా? ఎవరికేమైంది?" అన్నాడు అమర్‌నాథ్ కంగారుగా.

"ఎవరికీ ఏమీ కాలేదన్నా. కాకముందే సెప్తాండా."