ఆగిన ఇంజన్‌లో అదిలింపు

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ మంట. భయం కాదు, మంట. అవన్నీ ఒళ్లు వంగనివాళ్లు చెప్పుకునే కబుర్లని ఇప్పటికీ అంటాను. అందుకే ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ మేస్త్రీ నోట విని మా మరిది, బండికి దయ్యం పట్టిందని ఊరంతా టముకు వేస్తున్నాడు. కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మాది పులివెందుల దగ్గర పల్లె. నా మొగుడికి ఒక పాత డీజిల్ పికప్ ఉండేది. తోటల్లో చీనీకాయలు, అదే బత్తాయిలు, ఎత్తుకుని జమ్మలమడుగు, ప్రొద్దుటూరు అంగళ్లకు తోలేవాడు. ఆయన పోయాక స్టీరింగ్ నేను పట్టాను. అంతకుముందే వచ్చనుకోకండి, ఏడుస్తూ నేర్చుకున్నాను. నాకూ నా కూతురికీ కూడు పెట్టేది ఆ బండే.

మొన్న కాయ కోతకొచ్చే వేళకు బండి మొరాయించింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, లోపల టకటక కొట్టుడు. లోడు వేస్తే ముద్దనూరు దారి ఎత్తులో రొప్పి రొప్పి ఆగిపోయేది. సోమవారం బండి రాకపోతే ఈ సీజన్ లోడంతా ఇంకొకరికి ఇచ్చేస్తానని తోటాయన మొహం మీదే చెప్పాడు. మా మరిదికి సందు దొరికింది.

"పాత ఇనుముకు ఏసేయి వొదినా. ఆడమనిషికి బండేంది?" అన్నాడు.

ఆ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బండిని ప్రొద్దుటూరులో మస్తాన్ మామ షెడ్డుకు తోలాను. కొన్నప్పటి నుంచీ ఆ ఇంజన్ మీద చెయ్యి వేసిన మేస్త్రీ ఆయనొక్కడే. ఇంజన్ దించి పిస్టన్ రింగులు, హెడ్డు గ్యాస్కెట్, ఫిల్టర్లు కొత్తవి వేశాడు. డీజిల్ చిమ్మే నాజిళ్లను సర్వీసు చేయించి బిగించాడు. అంతా అయ్యాక స్టార్ట్ చేస్తే అదే పొగ, అదే కొట్టుడు. ఇంత చేసింది దీనికేనా అని షెడ్డులో అందరి ముందూ అరిచాను. మామ మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను సీట్లో కూర్చోబెట్టి రేస్ ఇమ్మన్నాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను ఒక్కో నాజిల్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం పాత మేస్త్రీల పద్ధతి. లోపల తేడాగా కొడుతున్నది ఏదో అట్లా పట్టేస్తారు. క్యాబిన్ వైపున్న చివరి నాజిల్ దగ్గర చెయ్యెత్తి ఆపమన్నాడు. ఆపాను. ఆయన మాత్రం స్క్రూడ్రైవర్ తీయలేదు. మొహం పాలిపోయింది. వంగి బ్యాటరీ వైరు ఊడబెరికి, మళ్లీ చెవి పెట్టాడు.

"ఇంజన్ ఆపినావు కదా పాపా? మల్లా ఇదేంది? నువ్వే ఇను," అన్నాడు.

దిగి, స్క్రూడ్రైవర్ లాక్కుని చెవికి పెట్టుకున్నాను. అప్పుడు కరెంటు లేదు, పక్క షెడ్డులో లేత్ మిషన్ కూడా తిరగడం లేదు. పిడిలోంచి నాలుక అంగిలికి కొట్టే చప్పుడు వస్తోంది. ఎద్దులను అదిలించే చప్పుడు. నా మొగుడు బండి కొనకముందు మడక కట్టి పొలం దున్నిన మనిషి. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు పికప్‌ను కూడా అట్లాగే అదిలించేవాడు. రెండుసార్లు నాలుక కొట్టి, ముక్కుతో ఒకసారి గట్టిగా గాలి పీల్చేవాడు. ఆ పీల్చడం కూడా వినబడింది.

మిగతా నాజిళ్ల మీద పెట్టి చూశాను. ఏమీ లేదు. చివరిదాని మీద పెడితే మళ్లీ అదే.

మామ దువా చదువుకుంటూ వెనక్కి జరిగాడు. ఈ బండిని ఇంక ముట్టనన్నాడు. నాకు పిచ్చికోపం వచ్చింది. ఆ నాజిల్ నువ్వు విప్పుతావా, నన్ను విప్పమంటావా అన్నాను. విప్పాడు. టార్చి వేసి చూస్తే నాజిల్ కూర్చునే గుంత అడుగున పాత రాగి వాషర్ మసిపట్టి అతుక్కుని ఉంది. పోయిన సర్వీసులోనూ, ఇప్పుడూ మామ దాన్ని చూసుకోకుండా దాని మీదే కొత్తది వేసి బిగించాడు. నాజిల్ సరిగా కూర్చోక పక్కనుంచి ఇంజన్ లోపలి గాలి బయటికి తన్నేస్తోంది. పాతదాన్ని గీకి తీసి, కొత్తది ఒక్కటే వేసి బిగించాక పొగ లేదు, కొట్టుడు లేదు.

గాలి తన్నే చప్పుడు నాలుక కొట్టినట్టే ఉంటుందని తర్వాత మామే అన్నాడు. కావచ్చు. ఆగిన ఇంజన్‌లో గాలి ఎట్లా తన్నుతుందో చెప్పమంటే మాత్రం బిల్లు పుస్తకం తీశాడు.

సోమవారం లోడు ఎత్తాను. బండి ఎత్తంతా గుక్క తిప్పుకోకుండా ఎక్కింది. నేను దారి పొడవునా నా మొగుణ్ణి తిట్టుకుంటూనే పోయాను. ఆయన ఒక పొద్దున టీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, అక్కడే కూలిపోయాడు. నాకు గానీ బిడ్డకు గానీ ఒక్క మాట లేదు.

ఆ ఆదివారం షెడ్డులో పనంతా అయ్యి, మామ చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, నేను ఆ నాజిల్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి మళ్లీ చెవి పెట్టాను. బిడ్డ పేరైనా అంటాడేమోనని శానాసేపు అట్లాగే వంగి నిలబడ్డాను. ఉలుకూ పలుకూ లేదు. బండి బాగైంది కదా, ఇంక మాతో ఆయనకేం పని.