గోరుచుట్టు వేలితో కట్టిన పాట

1966 చలికాలంలో నాకు మొదటి కాంట్రాక్టు దొరికింది. మంచిర్యాల దాటాక ఒక బొగ్గుగనుల కాలనీలో, ఆఫీసర్ల క్లబ్బు బ్యాండులో రిథమ్ గిటార్. అంటే పాట వెనకాల తాళం తప్పకుండా కార్డులు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారే మీటేవి, వాయిస్తూ పోవడమే పని. పాట మధ్యలో రాగం నడిపించే లీడ్ గిటార్ హోదా వేరు, జీతం వేరు. మా బాపు కరీంనగర్‌లో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. నేను ఇంగ్లిషు పాటల వైపు పోయినందుకు ఆయనకు కోపం లేదు గానీ, అది అన్నం పెట్టే విద్యేనా అని అనుమానం మాత్రం ఉండేది.

మా లీడ్ గిటారిస్టు డెనిస్. అసలు ఇంగ్లండువాడు. అక్కడ నలుగురు కుర్రాళ్ల బృందంలో వాయించేవాడు, వాళ్ల పాటలు రాసింది కూడా ఆయనే. హోటళ్లలో వాయించడానికి బొంబాయి వచ్చాక ఆ బృందం చీలిపోయింది. మిగతా ముగ్గురూ ఓడెక్కారు, ఈయన ఉండిపోయాడు. బృందం పోయిన దగ్గర్నుంచి ఒక్క పాటా రాయలేదని నాతో మామూలుగా చెప్పాడు, ఎవరో మూడో మనిషి సంగతి చెప్పినట్టు.

డ్రమ్ములు వాయించే రాజలింగు మాత్రం స్థానికుడు. పగలు గనిలో బొగ్గు టబ్బులు తోసేవాడు. సాయంత్రం స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని క్లబ్బు పక్క తలుపు గుండా వచ్చేవాడు. ముందు తలుపు ఆఫీసర్లకే.

డిసెంబరు చివరి వారంలో డెనిస్ ఎడమచేతి ఉంగరం వేలికి గోరుచుట్టు లేచింది. తీగలు నొక్కేది ఆ చేతితోనే. కంపెనీ దవాఖానాలో డాక్టరు కోసి, చీము తీసి, కట్టు కట్టి, పూర్తిగా మానేదాకా తీగ ముట్టుకోవద్దన్నాడు. కొత్త సంవత్సరం విందేమో ఆ వారంలోనే. లీడ్ లేకపోతే హైదరాబాద్ నుంచి వేరే బ్యాండును పిలిపిస్తానని క్లబ్బు సెక్రటరీ కబురు పెట్టాడు. అప్పటికి లీడ్ వాయించడం నాకు రాదు. అంటే బ్యాండులో ఉన్న మా ముగ్గురి పనీ పోయినట్టే.

ఆ సాయంత్రం రాజలింగు ఒక నిమ్మకాయ పట్టుకుని మా క్వార్టరుకు వచ్చాడు. దానికి బెజ్జం చేసి, కట్టు విప్పించి, డెనిస్ వేలికి టోపీలా తొడిగాడు. "జరసేపు మండుతది సాబ్. తెల్లారేసరికి సలుపు తగ్గుతది," అన్నాడు. అతను కుంటుతుంటే కాలికేమైందని డెనిస్ నన్ను అడగమన్నాడు. దారిలో చీకట్ల రాయి తగిలిందట. పొద్దంతా నెత్తిన దీపం పెట్టుకుని పనిచేసేవాడికి చీకటేమిటని డెనిస్ నవ్వాడు. నేనది తెలుగులో చెప్పాను.

రాజలింగు నవ్వలేదు. "దీపం కంపెనీది సాబ్. పనయినంక లాంపురూంల ఇచ్చేసి, చీకట్లనే ఇంటికి పోతం," అన్నాడు.

నేను ఇంగ్లిషులో చెప్పాను. డెనిస్ ఇంకోసారి చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఆ మాటనే తనలో తాను ఇంగ్లిషులో అనుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు గని వర్క్‌షాపులో వేలు పట్టేంత ఇత్తడి గొట్టం ముక్క కోయించి తెమ్మని రాజలింగుకు చెప్పాడు. దాన్ని చిటికెన వేలికి తొడుక్కుని, తీగలు నొక్కకుండా వాటి మీద జార్చితే స్వరం తెగకుండా సాగుతుంది. ఊరికే మీటినా ఒక కార్డు పలికేలా తీగల శ్రుతి మార్చాడు. ఇంతకుముందు ఇలా వాయించేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు ఉండేదట. ఆ పద్ధతిలో వేగం పాటలు పూర్తిగా పలకవు. కొన్నింటిని కుదించాం, కొన్నింటి బరువు నా కార్డుల మీద వేశాం. మధ్యమధ్య ఆయన ఏదో కొత్త వరుస కూనిరాగంగా తీస్తుంటే నేను వింటూ ఊరుకున్నాను.

విందు సాయంత్రం మొదటి విడత బాగానే సాగింది. రెండో విడతలో డెనిస్ మాకు చెప్పకుండానే మైకు ముందుకు వచ్చి ఆ కొత్త పాట ఎత్తుకున్నాడు. అప్పగించిన దీపం వెలుగుతూ ఉండిపోతే, దాని మనిషి చీకట్లో ఇంటిదారి వెతుక్కోవడం ఆ పాట. నేను కార్డులు వెతుక్కుంటూ వెంట నడిచాను. రాజలింగు పుల్లలు కింద పెట్టి, అరచేతులతోనే డ్రమ్మును తట్టాడు. ఆ నడకకు అడుగులు కుదరక ఆడుతున్న జంటలు ఆగిపోయాయి. చప్పట్లు రాలేదు. ఒక మేనేజరు భార్య మాత్రం కుర్చీలోంచి కదలకుండా చివరిదాకా విన్నది.

సెక్రటరీ స్టేజీ దగ్గరికి వచ్చి, కమిటీ ఒప్పుకున్న పాటలే వాయించాలని, ఇది ఇంకోసారి వినపడకూడదని మెల్లగా చెప్పాడు. డెనిస్ సరేనని, మిగతా విడతంతా వాళ్లడిగిన పాటలే వాయించాడు. విందు అయ్యాక పక్క తలుపు దగ్గర రాజలింగుతో ఇంగ్లిషులోనే ఏదో అన్నాడు. రాజలింగు నా వైపు చూశాడు.

"పాట నీదే అంటుండు," అన్నాను.

"నాదెట్ల అయితది? నేను ఉన్నమాటే చెప్పిన," అన్నాడు రాజలింగు. కానీ ఆ రోజు క్వార్టర్ల దాకా ఆ వరుసనే ఈల వేసుకుంటూ నడిచాడు.

నెల తిరిగేసరికి డెనిస్ కాంట్రాక్టు అయిపోయింది. వాళ్లు పొడిగించలేదు, ఆయనా అడగలేదు. వేలు అప్పటికి మానింది. మంచిర్యాల స్టేషన్లో నేనూ రాజలింగూ ఆయన్ని రైలెక్కించాం. ఇంగ్లండు వెళ్లాక స్టేజీ తగ్గించి, వేరేవాళ్లకు పాటలు రాయడంలో స్థిరపడ్డాడని, మా పాటను కూడా ఎవరో రికార్డు చేశారని కొన్నేళ్లకు బొంబాయి వాద్యగాడొకడు చెప్పాడు. ఆ రికార్డు నాకు ఎక్కడా దొరకలేదు.

డెనిస్ వెళ్లాక లీడ్ గిటార్ నాకు వచ్చింది. ఆ తర్వాత హోటళ్లలోనూ రికార్డింగు థియేటర్లలోనూ గిటారే నాకు అన్నం పెట్టింది. వేళ్లు ఎంత వేగంగా పరిగెత్తితే అంత గొప్ప అన్న భ్రమ ఆ చలికాలంతోనే పోయింది. ఏ పాట చేతికి వచ్చినా, అది ఎవరి గురించో ముందు అడిగి తెలుసుకున్నాకే శ్రుతి చేసుకునేవాణ్ని.