రెండో శాంపిల్

1986లో నన్ను కారంపూడి దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ఒక మైక్రోస్కోపు. రోజూ చూసేవి ఎక్కువగా మలేరియా రక్తపు స్లైడ్లే.

ఆ వానాకాలంలో మస్తాన్‌బీ అనే కూలిమనిషి తన నాలుగేళ్ల కూతురు షమీమ్‌ను ఎత్తుకొచ్చింది. పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. చేతి మీద తట్లు చూసి డాక్టరమ్మ అడిగితే, “నేనే కొట్టానమ్మా. ఎంత చెప్పినా గోడమట్టి గీక్కొని తింటది. దానివల్లే ఇట్టా అయింది” అంది.

వేలి రక్తం పరీక్షిస్తే హిమోగ్లోబిన్ ఆరు గ్రాములే, ఉండాల్సినదాంట్లో సగం. ఇంకా తగ్గితే రక్తం ఎక్కించడానికి నరసరావుపేట పంపాలని డాక్టరమ్మ అన్నారు. మలపరీక్ష రాశారు. మర్నాడు మస్తాన్‌బీ అగ్గిపెట్టెలో శాంపిల్ తెచ్చింది. చిటికెడు తీసి నీటిచుక్కలో కలిపి స్లైడంతా వెతికాను. పురుగు గుడ్లేవీ కనపడలేదు. ‘లేవు’ అని రాయబోయి, పిల్ల పెదాలు గుర్తొచ్చి ఆగాను.

“రేపు ఇంకోసారి తేవాలమ్మా” అన్నాను.

“మిరపనాట్లు మానుకొని వచ్చా సారూ. ఎన్నిసార్లు తిరగాల?” అని విసుక్కుంది. అయినా తెచ్చింది.

ఈసారి ఉప్పు ఇంక కరగనంత చిక్కటి ఉప్పునీళ్లలో శాంపిల్ కలిపి, చిన్న సీసా అంచుదాకా నింపి, పైన పల్చటి గాజుపలక పెట్టాను. గుడ్లు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. ఇరవై నిమిషాల తర్వాత చూస్తే కొంకిపురుగు గుడ్లు, ఒకటి కాదు, బోలెడు.

ఆ పురుగు పేగును కరుచుకొని రక్తం పీలుస్తుందనీ, తడిమట్టిలో వట్టికాళ్లతో తిరిగితే పాదాల్లోంచి ఎక్కుతుందనీ, రక్తం తగ్గిన పిల్లలకు మట్టి తినాలనిపిస్తుందనీ డాక్టరమ్మ తల్లికి వివరించారు.

“అయితే దాని తప్పేం లేదా అమ్మా?” అని అడిగి, మస్తాన్‌బీ కూతురి చేతి మీది తట్లు నిమిరింది.

మెబెండజోల్ బిళ్లలు మూడు రోజులు రెండు పూటలా, ఐరన్ సిరప్ మూడు నెలలు వాడారు. మూడో నెలలో షమీమ్ రబ్బరు చెప్పులతో తానే నడిచొచ్చింది. హిమోగ్లోబిన్ పదిన్నర.

“మట్టి జోలికి పోట్లా సారూ. అన్నం చాల్లేదని ఏడుస్తంది” అంది తల్లి, నవ్వుతూ.

స్లైడులో గుడ్లు కనపడకపోతే ‘కనపడలేదు’ అని రాయాలి గాని ‘లేవు’ అని రాయకూడదు. పాలిపోయిన పిల్లల శాంపిల్ రెండోసారి చూడకుండా ఆ తర్వాత నేనెప్పుడూ రిపోర్టు మీద సంతకం పెట్టలేదు.