చాందిని మందు చీటీ

నాలుగేళ్లుగా ఒక చీటీని దాచుకున్నాను. బీరువాలో, పాప పుట్టిన సర్టిఫికెట్ మడతలో. అరచేయంత కాగితం. దానికి బరువేముంటుంది? కానీ బీరువా తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి ఆ అర దగ్గర ఆగిపోతుంది.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు ఇది రాస్తున్నాను. ఒకటే షరతు. నన్ను ఓదార్చకు. అప్పటి నీ పరిస్థితి అలాంటిది అనే మాట నీ నోట్లో సిద్ధంగా ఉంటే మింగేయి. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది పనిచేయదు.

మాది బేతంచెర్ల. నాపరాళ్లు పాలిష్ పట్టే మిషన్ల వీధి. పొద్దున్నే ముగ్గు వేస్తే, గంటలో దాని మీద తెల్ల దుమ్ము పరుచుకుంటుంది. మా ఆయన అక్కడే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎదురుగా రేకుల షెడ్డులో దస్తగిరి మామ తన తెల్ల గుర్రాన్ని కట్టేసేవాడు. దాని పేరు చాందిని. పెళ్లికొడుకుల ఊరేగింపులకు తిప్పేవాడు. ఆయనకూ, ఆయన భార్యకూ అదే బతుకుదెరువు. మా పాపకు అప్పుడు రెండేళ్లు. సాయంత్రం నాలుగు ముద్దలు తినాలంటే చాందిని వీపు ఎక్కాల్సిందే. మామ పాపను పట్టుకునేవాడు. నన్నూ పాపా అనే పిలిచేవాడు. నేను కింద నిలబడి తినిపించేదాన్ని.

ఆ ఎండాకాలం పాప తొడ మీద ఎర్రటి గుండ్రటి మచ్చ లేచింది. అంచు ఉబ్బింది, మధ్యలో పొట్టు రేగింది. తామర. మొదట చూసింది మా అత్తే.

"డిగ్రీ సదివినావు. బిడ్డకు ఈ గజ్జి యాడిది? మీ పుట్టింటి నుంచి తెచ్చినావా?" అంది.

నేను ఎదురు షెడ్డు వైపు చూశాను. గుర్రం మొహం ఒకసారి చూడండి అన్నాను. అంతే. తర్వాత పనంతా అత్తే చూసుకుంది.

చాందిని ముఖం మీద పుండ్లు ఉన్నమాట నిజమే. పెళ్లిళ్ల రోజుల్లో అద్దాలూ జరీ కుచ్చులూ కుట్టిన పట్టీ దాని ముఖానికి గంటల తరబడి కట్టి ఉంచేవారు. కింద చెమట పట్టి, ముక్కు మీదా చెంపల మీదా వెంట్రుకలు ఊడి, పక్కులు కట్టాయి. కళ్ల దగ్గర దాకా పాకాయి.

కానీ అసలు సంగతి ఇది. పాపకు రాకముందు రెండు నెలల నుంచే ఆ మచ్చ నా నడుము మీద ఉంది. లంగా బొందు బిగించే చోట. మెడికల్ షాపు ట్యూబు ఒకటి తెచ్చుకుని, స్నానాల గదిలో గడియ పెట్టుకుని పూసుకునేదాన్ని. అది తగ్గినట్టే తగ్గి, ఇంకా పెద్దదయ్యేది. మా ఆయనకు చెప్పలేదు. అత్త కంట పడకూడదు. ఆ నడుము మీదే పాపను ఎత్తుకునేదాన్ని. పాప తొడ సరిగ్గా అక్కడే ఆనేది. గుర్రానికి పుండ్లు ముఖం మీద, పాప కూర్చునేది ఒక్క పొక్కు కూడా లేని వీపు మీద. ఈ చిన్న సంగతి వీధిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. నేను చదివింది బీయస్సీ జువాలజీ.

అత్త వీధిలో నిలబడి దస్తగిరి మామను నానా మాటలూ అంది. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. తిట్టినా బాగుండేది. మర్నాడు ఆయన చాందినిని పశువుల ఆస్పత్రికి నడిపించుకుపోయాడు. నా బిడ్డ కోసం. సాయంత్రం మందు సీసా, చీటీ పట్టుకుని మా గుమ్మం ముందుకు వచ్చాడు. మెట్టు ఎక్కలేదు.

"డాక్టరు చెప్పినాడు పాపా. ఆ ఎనుముల అరుపుల్లో ఒక్క ముక్కా ఇనపళ్లేదు. రోంత సదివి చెప్పు."

ఇంగ్లీషులో, స్పష్టమైన అక్షరాలు. మొత్తం చదివాను. రెండుసార్లు.

"నీళ్లు కలపాల్నా?" అన్నాడు.

"అక్కర్లేదు మామా. అట్లనే పూయండి."

"కండ్ల కాడ?"

"ఆడ కూడా ఉండాది కదా. పూయండి."

"మళ్లా కడగాల్నా?"

"పొద్దున దాకా ఉండనీండి."

చీటీ కోసం చెయ్యి చాపాడు. నా దగ్గరే ఉంటుంది, మళ్లీ ఏదైనా అనుమానం వస్తే నన్నే అడగండి అన్నాను. ఆయన నవ్వాడు.

"మా చాందినికి గూడా డాక్టరమ్మ దొరికె" అంటూ వెళ్లిపోయాడు.

ఎందుకు చేశాను? గుర్రానికి నయమై, పాప మచ్చ అలాగే ఉంటే అత్త చూపు నా మీదికి తిరుగుతుంది. గుర్రం వీధిలోంచి పోవాలి. పుండ్లు ముదిరితే జనమే వెళ్లగొడతారు. అంతే అనుకున్నాను, అని రాయబోయి ఆగాను. అంతేనా? మరి కళ్ల దగ్గర పూయమన్నది ఎవరు? ఆ మాటతో నాకేం పని? ఆయన అడిగాడు, నా నోరు జవాబు చెప్పింది. ఆ క్షణంలో నాకు భయం కాదు, ఒక రకమైన తృప్తి కలిగింది. ఈ వాక్యం రాయడానికే నాలుగేళ్లు పట్టింది.

రెండు రోజుల్లో చాందిని ముఖం తోలు ఊడింది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది. తెరిచాక పాలపొర కమ్మి ఉంది. కన్ను పోయిన గుర్రాన్ని పెళ్లికొడుకు ఎక్కితే అపశకునమట. ఒప్పుకున్న పెళ్లిళ్లవాళ్లు ఒక్కొక్కరే వద్దన్నారు.

ఈలోగా పాపను కర్నూలులో చర్మం డాక్టరమ్మకు చూపించాను. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని ఆమె అడిగింది. అత్త బయట బెంచీ మీద ఉంది. నేను చీర కుచ్చెళ్లు కొంచెం కిందికి దించాను. ముందు నీకు తగ్గాలి, నీ నుంచే బిడ్డకు వచ్చింది అని ఆమె మామూలుగా చెప్పేసి మందులు రాసింది. ఇద్దరికీ తగ్గింది. మచ్చ కూడా మిగల్లేదు.

ఆషాఢంలో దస్తగిరి మామ షెడ్డు ఖాళీ చేశాడు. ఎర్రగుంట్లలో చెల్లెలి ఇంటికి పోతున్నానని చెప్పడానికి వచ్చాడు. అప్పుడూ మెట్టు ఎక్కలేదు. పాపకు తగ్గిందా అని అడిగాడు. తగ్గిందన్నాను.

"నా చెయ్యి మొరటుది పాపా. నువ్వు సరిగ్గానే చెప్పింటావు. నేనే ఎక్కువ పూసినా."

నేను తలూపాను. అవునన్నట్టు.

చాందినిని ఏం చేశాడో అడగలేదు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపమే. ఎందుకంత నమ్మాడు? వీధి చివర మెడికల్ షాపు ఉంది కదా, అక్కడ చూపించి ఉండొచ్చు కదా? చూశావా, నాలుగేళ్ల తర్వాత కూడా నేను ఇలాంటి మనిషినే. పాప కన్ను నలుముకుంటే చెయ్యి పట్టి లాగేస్తాను. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఎడమ కన్ను చూస్తాను. ఎందుకమ్మా అంటుంది. దుమ్ము పడిందేమో చూస్తున్నాను అంటాను. ఆ పిల్లకూ అబద్ధమే.

ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. చీటీ నా ముందు ఉంది. ఆ రోజు చదవాల్సింది ఇప్పుడు చదువుతున్నాను. నోటితోనే, తెలుగులో.

మామా, ముందు ముఖానికి కట్టిన పట్టీ తీసేయండి. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ తడిపి పక్కులు నాననివ్వండి. గోకొద్దు. ఒక మూత మందుకు ఒక చెంబు నీళ్లు కలపండి. కళ్లకు తగలనివ్వద్దు. పది నిమిషాలాగి కడిగేయండి. మెత్తటి గుడ్డతో అద్దండి. పట్టీని ఉతికి ఎండలో వేయండి. రెండు వారాల్లో మానిపోతుంది.

ఇంతే ఉంది. చదవడానికి నిమిషం కూడా పట్టలేదు.