నింద చేపది, నేరం సున్నుండది

ఈస్టరు నాడు మధ్యాహ్నం మా సుగుణ చేపల పులుసుతో రెండు గారెలు తింది. చెయ్యి కడిగేలోగా పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. నాలుగేళ్ల పిల్ల ఊపిరి తీసుకోలేక నా వంక చూసింది.

మాది కొల్లేటి లంక. మావారు అక్కడి మిషను బడిలో పంతులు. సాయంత్రానికి వాపు తగ్గింది గానీ, ఊరంతా చేపనే తప్పు పట్టింది. చేప మాన్పించాం. పిల్ల చిక్కిపోతోందని మా అత్తగారు రోజూ పొద్దున్నే సున్నుండ పెట్టేవారు. దద్దుర్లు తగ్గలేదు. నీరసమని ఇంకో ఉండ పెట్టేవారు. నేనూ మెచ్చుకున్నాను, దాచడమెందుకు?

మళ్లీ ఆయాసం వచ్చిన రోజున దోనెలో, ఆపైన జట్కాలో ఏలూరు ఆసుపత్రికి పరుగెత్తాం. దొరసాని డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, మమ్మల్ని అక్కడే ఉంచారు.

"కొన్నాళ్లు అన్నం, పాలే పెట్టండి. తర్వాత రోజుకొక్కటే కలిపి చూద్దాం" అన్నారు.

ముందు చేప పెట్టారు. సుగుణ ముల్లు తప్ప ఏమీ మిగల్చలేదు, ఏమీ కాలేదు! కొన్నాళ్లకు మినప్పప్పు చిటికెడు పెట్టారు. వెంటనే పెదవి ఉబ్బింది.

"ఇది ఎలర్జీ అమ్మా. మినుము మానడమే దీనికి మందు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "నా చేత్తో నేనే పెట్టానే!"

"మీకేం తెలుసండీ? నాకు మాత్రం తెలుసా?" అన్నాను.

ఇంట్లో గారెలు, మినపట్లు, సున్నుండలు మానేశాం. అయినా వారానికే మళ్లీ దద్దుర్లు. అందరం తల పట్టుకున్నాం. ఆ పూట మావారు పచ్చడి కలుపుకుంటూ ఆగిపోయారు.

"అమ్మా, ఈ తాలింపులో ఏం వేశారు?"

ఆవాలు, మిరపకాయలు, మినప్పప్పు! పోపుల డబ్బా తీస్తే చాలు, మా చేతులు వాటంతటవే వేసేస్తున్నాయి. ఆ పూటే డబ్బాలో ఆ గిన్నె ఖాళీ చేశాం.

ఇప్పుడు సుగుణకు ఏడేళ్లు. కాలవ గట్టున దాన్ని పట్టుకోవాలంటే నాకే ఆయాసం. మీ పిల్లలకు ఏదైనా పడకపోతే, తిన్నదంతా కాగితం మీద రాయండి, తాలింపుతో సహా.

మొన్న ఈస్టరుకు మళ్లీ చేపల పులుసు వండాం. ఈసారి అన్నంలోకి. అత్తగారు తినకుండా మనవరాలి పెదవుల వంకే చూస్తూ కూర్చున్నారు.

"చూసింది చాలు మామ్మా, ఇంకో ముక్క వెయ్యి" అంది సుగుణ.