జోవెలీనా సీసాల్లో నలుపు

మా పరిశోధనాలయంలో జోవెలీనాకు జడిసేవాళ్లే గానీ ఆమెను జడిపించినవాళ్లు లేరు. బార్బేరోలను పెంచడం ఆమె పని. బ్రెజిల్‌లోని మినాస్ పల్లెల్లో మట్టిగోడల నెర్రెల్లో దాక్కుని, నిద్రపోయేవాళ్ల మొహం మీద రక్తం తాగే పురుగు అది. అది అంటించిన రోగం గుండెకెక్కి ఆమె తండ్రి నలభై ఏళ్లకే పోయాడు.

"నాన్నను పొట్టన పెట్టుకున్నదాన్ని మేపుతున్నావా?" అని ఎవరైనా అంటే, "అది ఏం తిని ఎట్లా అరాయించుకుంటుందో తెలియకుండా దాన్నెట్లా చంపుతావురా?" అని గయ్యిమనేది.

ఆమె సీసాల్లోవి గుడ్డు నుంచి అక్కడే పెరిగినవి, రోగం లేనివి. ఇరవై ఆరేళ్లలో వాటికి ఒక్క మేత తప్పలేదు. కోళ్ల రొమ్ముకు సీసా మూతి ఆనిస్తే, మూతికి కట్టిన పలచటి గుడ్డలోంచి తాగేవి. ఆ కోళ్లను చూసుకునేదాన్ని నేను.

ఆ మార్చిలో పురుగులు రాలిపోసాగాయి. నెల తిరక్కుండా సగం సీసాలు ఖాళీ. కొత్తగా వచ్చిన డాక్టర్ ఎవరిస్టు ఆమె చేతిలో కాగితం పెట్టాడు. మేత ఎగ్గొట్టినందుకు ఉద్యోగం నుంచి తీసేస్తున్నామని ఉంది అందులో.

"ఎగ్గొట్టానా? కడుపు నిండా తాగి చస్తున్నాయి సార్! పొట్టలు చూశారా అసలు?"

"వయసు మీద పడింది, జోవెలీనా గారూ. ఇక విశ్రాంతి తీసుకోండి."

"పది రోజులు ఆగండి. తేల్చలేకపోతే మీరు పొమ్మనక్కర్లేదు, నేనే పోతా."

ఒకే ఈడు పురుగులను రెండు సీసాల్లో వేసింది. ఒకటి కోడికి ఆనించింది. రెండోది తన ముంజేతికే ఆనించింది. కోళ్లు రాకముందు అక్కడి పనివాళ్లందరూ అలాగే మేపేవారట. చేయంతా దద్దుర్లు లేచినా సీసా తియ్యలేదు.

తొమ్మిదో రోజు నన్ను పిలిచి రెండు సీసాల అడుగున వేసిన కాగితాలు తీసి పరిచింది. చేతి రక్తం తాగినవి నల్లగా రెట్ట వేశాయి. కోడి రక్తం తాగినవాటి కాగితం వెలవెలబోతోంది. ఆ సీసాలోని ఒక పురుగు కాలు తుంచితే, వచ్చిన చుక్క మామూలుకన్నా ఎర్రగా ఉంది.

"రక్తంలో ఎరుపుందే, దాన్ని ఈ డాక్టర్లు హీమ్ అంటారు. రక్తం అరిగేటప్పుడు అది విడిపోయి విషమవుతుంది. ఈ ముదనష్టపుది దాన్ని నల్లరవ్వలుగా గట్టిపరిచి బయటికి తోసేస్తుంది. ఇక్కడ ఆ నలుపేదీ? విషం లోపలే ఉండిపోయింది. నిజం చెప్పు జూరెమా, కోళ్లు ఏం తాగాయే?"

మాది అమెజాన్ వైపు రొండోనియా అడవి. మలేరియా మాత్రలు ఉప్పుడబ్బా పక్కనే ఉండే ఇల్లు. కోడి తల వాల్చితే మాత్ర నూరి నీళ్లలో కలపడం మా అమ్మ వైద్యం. వానలకు కోళ్లు ముడుచుకుంటే నేనూ అదే చేశాను, వారం వారం.

"అక్కా, నేనే..." అని మాత్రల సంగతంతా చెప్పి ఏడ్చేశాను.

ఆమె తిట్టలేదు. రెండు కాగితాలూ పట్టుకుని ఎవరిస్టు గదిలోకి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

కోళ్ల నీళ్లలో మలేరియా మాత్ర కలిసిందని ఆమె చెప్పగా విని, ఎవరిస్టు ఆ కాగితాలు చూసి తల ఊపాడు. "మలేరియా మాత్ర ఆ గట్టిపడటాన్ని ఆపుతుంది. పుస్తకాల్లో ఉన్నదే."

"పుస్తకాల్లో ఉంటే, నన్ను దొంగను చేసేముందు తెరిచి చూడాల్సింది మీరు!"

ఆయన మొహం కందిపోయింది. ఉద్యోగం తీసేసిన కాగితాన్ని ఆమె దగ్గర తీసుకుని చింపబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "చింపొద్దు. దాని కిందే రాయండి, జోవెలీనా మేత ఎగ్గొట్టలేదు, పొరపాటు నాది అని. రాసి సంతకం పెట్టండి."

"మరి మందు ఎవరు కలిపారని రాయను?"

"కోళ్లు తాగాయని రాయండి. తాగింది అవే కదా."

నన్ను కాపాడాలనే అలా అంది. నాకు సిగ్గేసింది, కోపమూ వచ్చింది. ఇంత చేసిన మనిషి వెనక నక్కి బతకనా?

"జూరెమా కలిపిందని రాయండి సార్," అన్నాను. "ఎందుకు కలిపానో కూడా రాయండి. పంపించేస్తే పోతాను."

ఎవరిస్టు కలం పట్టుకుని జోవెలీనా వైపు చూశాడు.

"అడిగింది కదా, రాయండి," అందామె. "దాన్ని పంపించేస్తే మాత్రం ఇంకో కాగితం తియ్యండి. నా పేరుతో."